పరదేశ సేవ, స్వదేశ నాయకత్వము

ఒక వ్యక్తి స్వదేశమును విడిచి, సముద్రమున కావలనున్న దేశములో కొన్ని సంవత్సరములు క్రైస్తవ సేవ చేసి తిరిగి వచ్చినాడనుకొందాము. అక్కడ ఆయన ప్రార్థనలు నడిపినాడు, రోగులను పరామర్శించినాడు, తోటివారి తగవులు తీర్చినాడు. ఆయన మాటకు అక్కడ ఒక విలువ ఉండెను. ఇల్లు చేరిన తరువాత ఆయనను ఒక ప్రశ్న వెంటాడును. ఇక్కడ కూడ నేను నలుగురిని నడిపింపవలెనా? నా లోపల వినబడుచున్నది భగవంతుని పిలుపా, లేక అలవాటుపడిన గౌరవముపై మమకారమా?

నిజామాబాదు, బోధను ప్రాంతములవారికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. ఈ జిల్లాలో గల్ఫ్ దేశములకు పోయినవారు లేని గ్రామము అరుదు. దుబాయిలో, కువైటులో, బహరైనులో తెలుగు క్రైస్తవుల ఆరాధన కూడికలు ఉన్నవి. వారమంతయు కాయకష్టము చేసి, సెలవునాడు కూడుకొను ఆ సమాజములలో, ఏ పట్టమును లేకుండనే కాపరివలె మెలగినవారు కొందరుందురు. అట్టివారు బోధనుకో, వర్నికో, ఎడపల్లికో తిరిగి వచ్చినపుడు ఊరిలోని చిన్న సంఘము వారివైపు చూచును. కొన్ని చోట్ల ఆశతో చూచును, కొన్ని చోట్ల అనుమానముతో చూచును. పిలుపు లేకనే నాయకుడైనవాడు ఆ చిన్న సంఘమును రెండుగా చీల్చగలడు. పిలుపు ఉండియు వెనుదీసినవాడు కాపరిలేని మందను అట్లే విడిచిపోగలడు. రెండును నష్టములే. కనుక ఈ విషయమును తొందరపడక ఆలోచింపవలసియున్నది.

ఇట్టి స్థితిలో పూర్వులెట్లు ప్రవర్తించిరో చూచిన కొంత మేలు కలుగును. తెలంగాణముతో పెనవేసుకొన్న ఒక జీవితము వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిది. ఆయన 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. వై.యం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరుగుచుండిన యువకుడు. 1902లో ఆయన సింహళములోని జాఫ్నాకు వెళ్లినారు. అది దీర్ఘకాల సేవ కాదు, పనిమీద చేసిన ప్రయాణమే. అయినను అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ద్రవ్యముతో, తమ సొంత మనుష్యులతో ఇతర ప్రాంతములకు సేవకులను పంపుచుండుట చూచి, మన తిరునెల్వేలివారు ఈ పని ఏల చేయలేదని ఆయన మనసు నొచ్చుకొన్నది. ఆ నొప్పితో స్వదేశము చేరి, మరుసటి సంవత్సరము, అనగా 1903లో, మిత్రులతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని నెలకొల్పినారు. ఆ సంస్థ ఎన్నుకొన్న క్షేత్రము ఆనాటి నిజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము.

ఇతరులను పంపుట సులభము, తాను పోవుట కష్టము. 1909లో అజరయ్య గారు పేరు ప్రతిష్ఠలు గల తమ ఉద్యోగమును వదలి, ఆ డోర్నకల్ పల్లెలలో పనిచేయుటకు తామే బయలుదేరినారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. నేర్చుకొని, ఆ భాషలోనే పేదల ఇండ్లలో కూర్చుండి బోధించినారు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషప్పు అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. ఆ పదవికి ఆయన పేరును ప్రతిపాదించినవారు మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు. కొందరు ఐరోపావారును, ఆయన సొంత సమాజములోని కొందరును దానికి అభ్యంతరము చెప్పినారు. అయినను 1945 జనవరి 1వ తేదీన కన్నుమూయువరకు ఆయన ఆ బాధ్యతను వహించినారు.

ఈ కథలోని వరుసను గమనింపుడు. విదేశములో చూచిన దానివలన ఆయనకు కలిగినది అధికారముపై ఆశ కాదు, తన వారి కొరతను గూర్చిన బాధ. ఆ బాధ మొదట పనిగా మారినది. ఆ పని ఆయనను పై మెట్టు నుండి క్రింది మెట్టుకు దింపినది. పదవి ఆ తరువాత, ఇతరుల నోట వచ్చినది. ఈ వరుస తలక్రిందులైన చోట, అనగా పదవి ముందు వచ్చి పని తరువాత రావలసిన చోట, పిలుపును మరియొకసారి పరీక్షించుకొనుట క్షేమము.

ఇక మన జిల్లాలోనికే వత్తము. నిజామాబాదు నుండి హైదరాబాదు పోవు దారిలో డిచ్‌పల్లి ఉన్నది. అక్కడి విక్టోరియా కుష్ఠు చికిత్సాలయము 1915లో ప్రారంభమైనది. దానికి మూలపురుషులు ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు. ఆమె స్కాట్లండులో వైద్యవిద్య నేర్చిన డాక్టరు. ఆయన వెస్లియన్ మెథడిస్టు గురువు. 1907లో వారు ఈ దేశమునకు వచ్చినపుడు కుష్ఠాశ్రమము స్థాపింపవలెనను ప్రణాళిక చేతబట్టి రాలేదు. నిజామాబాదులో ఉండగా, ఎవరును చేరదీయని కుష్ఠురోగులు కంటబడినారు. తలదాచుకొనుటకు వారికి చోటు లేదు. ఆ దంపతుల జీవితకార్యము అక్కడ నిర్ణయమైనది. భార్య చికిత్స చూచినారు, భర్త ఆశ్రమ నిర్వహణ చూచినారు. కుష్ఠుకు నేటి మందులు లేని ఆ కాలములో చాల్‌మోగ్రా జాతి నూనెను సూదిద్వారా ఎక్కించు చికిత్సను అక్కడ సాగించినారు.

ఈ సంస్థకు తొలినాళ్లలో ముఖ్యమైన ధనసహాయము చేసినవారు నిజామాబాదుకు చెందిన నర్సాగౌడు గారు అను హిందూ దాత. ఇది చిన్న విషయము కాదు. సంఘాధ్యక్షుడు బయటివారిచేత కూడ మంచివాడనిపించుకొనవలెనని పౌలు తిమోతికి వ్రాసిన లేఖలో ఒక నియమమున్నది. తన మతమువారి మెప్పు పొందుట ఒక ఎత్తు. తన మతము కాని పొరుగువాడు తన కష్టార్జితమును నమ్మి చేతికిచ్చుట మరియొక ఎత్తు. ప్రవాసమునుండి వచ్చి నాయకత్వమును గూర్చి తలపోయువాడు తన వీధిలోని కిరాణా దుకాణదారుని, పొరుగు పొలము రైతును, తనతో కలిసి పనిచేసిన ముస్లిం మిత్రుని మనసులో తలచుకొని, వీరు నన్ను నమ్ముదురా అని అడుగుకొనవచ్చును. ఆ జవాబులో చాల తెలియును.

పరదేశ సేవ చేసినవారందరును తిరిగి వచ్చి స్వదేశములో నాయకులు కావలెనను నియమమును లేదు. తెలుగువారిలో జాన్ రంగయ్య గారి చరిత్ర దీనికి నిదర్శనము. 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు మన కూలీలను ఒప్పందముపై తీసికొనిపోయినారు. ముఖ్యముగా వారిని పిలిపించినది చెరకు తోటల పనికే. వారిలో తెలుగువారు అనేకులు. వారి కొరకు నెల్లూరు సీమనుండి తెలుగు బాప్టిస్టులు తమ సొంత సంస్థ పక్షమున 1903లో రంగయ్య గారిని పంపినారు. కెర్‌స్నీ అను చోట ఆయన సంఘమును స్థాపించి, బోధకుడుగాను ఉపాధ్యాయుడుగాను శ్రమించి, 1915లో ఆ దేశములోనే మరణించినారు. ఆయన స్వదేశములో ఏ పెద్ద పదవిని అలంకరింపలేదు. అంతమాత్రమున ఆయన పిలుపు అసంపూర్ణమని ఎవరనగలరు? ఆయన వెనుక నిలిచిన సంఘములే ఆయన నాయకత్వమునకు సాక్ష్యము. తాను లేకున్నను సాగిపోవు పనిని విడిచిపోవుట నాయకునికి తగిన గుర్తు.

చెరకు మాట వచ్చినది కనుక బోధనువారికి తెలిసిన సంగతి ఒకటి మనవి చేయుదును. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో ఈ నేల చెరకు సీమగా వర్ధిల్లినది. శక్కరునగరులోని నిజాం చక్కెర కర్మాగారము 2015 చివర మూతపడినది గాని, ఆ కర్మాగారము నేర్పిన పద్ధతి రైతులు మరువలేదు. తోట కోతకు వచ్చినదో లేదో రైతు ఒక్కడే నిర్ణయించుకొనడు. రసము తీసి, తీపిపాలు కొలిచి చూచిన మీదట కటింగ్ ఆర్డరు వచ్చును. పక్వము కాకముందు నరికిన రసములో చక్కెర తక్కువ. నరికిన తరువాత గానుగకు చేర్చక ఆలస్యము చేసిన ఉన్న చక్కెరయు తగ్గిపోవును. పిలుపు సంగతియు ఇట్టిదే. దాని పక్వమును కొలువవలసినవారు ఇతరులు. వారు కొలిచి, సిద్ధమని చెప్పిన తరువాత వినయము పేరుతో జాగు చేయుటయు తప్పే.

ఆ కొలత ఎట్లు జరుగవలెనన్నదానికి క్రైస్తవుల గ్రంథములోనే ఒక దృష్టాంతమున్నది. పౌలు, బర్నబాలు కుప్రలోను చిన్న ఆసియాలోను సేవ ముగించి అంతియొకయకు తిరిగి వచ్చినపుడు, మొదట తమను పంపిన సంఘమును సమకూర్చి జరిగినదంతయు వివరించినారు. పిమ్మట ఆ శిష్యులతో బహుకాలము గడిపినారు. అపొస్తలుల కార్యములు పదునాలుగవ అధ్యాయములో ఈ సంగతి ఉన్నది. లెక్క అప్పగించుట, కలిసి ఉండుట, ఈ రెండును ముందు జరిగినవి. తరువాతి పెద్ద ప్రయాణములు వాటి తరువాతనే వచ్చినవి.

కనుక పరదేశమునుండి తిరిగి వచ్చిన సేవకునికి చెప్పదగినది ఇదియే. వచ్చిన వెంటనే వేదిక వెదకవలదు. ఒక సంవత్సరమైనను ఊరి సంఘములో వెనుక వరుసలో కూర్చుండవలెను. మీరు లేని కాలములో ఇక్కడ ఎవరు చనిపోయినారో, ఎవరి పిల్లలు చదువు మానినారో, ఎవరి ఇంట అప్పు పెరిగినదో తెలిసికొనవలెను. అక్కడ నేర్చినది ఇక్కడివారు అడిగినపుడు చెప్పవలెను. ఆ సంవత్సరములో జనులు తమంతట తాము మీ గడపకు వచ్చుచున్నారా, వచ్చినవారు బలపడి పోవుచున్నారా, మీ ఇంటివారు ఈ భారమును మోయుటకు సమ్మతించుచున్నారా అని చూడవలెను. పెద్దలు వద్దన్నపుడు మీలో పుట్టునది దుఃఖమా, పగయా అన్నది మరింత శ్రద్ధగా చూచుకొనవలెను. దుఃఖమైన ఓపిక పట్టవచ్చును. పగయైనచో పదవి అందకపోవుటయే మేలు.

సంఘపు పెద్దలకును ఒక బాధ్యత ఉన్నది. దూరదేశములో ఎండనకా ఇసుకనకా కష్టపడుచు, తోటివారిని ఓదార్చివచ్చిన మనిషిని అనుమానముతో వాకిట నిలుపరాదు. ఆయన ఏమి చూచి వచ్చినాడో కూర్చుండబెట్టి అడుగవలెను, పూర్తిగా వినవలెను. చిన్న పనిని అప్పగించి చూడవలెను. విననివారికి ఎవరి పిలుపును గుర్తుపట్టుట సాధ్యము కాదు.