అడవి బడి – మన కర్తవ్యము



ఈ వార్షిక మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శులు మమ్ము కోరిరి. మేము పండితులము కాము, వక్తలమును కాము. ఖమ్మము సీమకును భద్రాచలము మన్యమునకును నడుమనున్న పల్లెలలో ముప్పదియేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారము. కావున మేము చెప్పబోవునది గ్రంథములలో జదివినదానికంటె పిల్లల నడుమ నిలిచి నేర్చుకొన్నదే యెక్కువ. అందు కొన్ని మాటలు మనవారికి రుచింపకపోవచ్చును. మందు చేదైనను రోగికి హితమే గదా యని సభవారు సహింతురుగాక.

మొదట మా తప్పొకటి చెప్పుకొందుము. ఉద్యోగమున జేరిన తొలియేట మమ్మొక కోయగూడెమునకు బంపిరి. ఒకనాడు పాఠము చెప్పుచు, ముందు వరుసలోని యొక బాలుని లేపి "ఏరు ఎక్కడ నున్నదిరా?" యని యడిగితిమి. గూడెము ప్రక్కనే యేరు పారుచున్నది. దాని సవ్వడి బడిలోనికి వినవచ్చుచునే యున్నది. వాడు వెలుపలికి జూపక, మూలనున్న మంచినీళ్ల కుండను జూపెను. మరల నడిగితిమి, మరల కుండనే జూపెను. పరిహాసము చేయుచున్నాడని తలచి బెత్తముతో రెండు దెబ్బలు గొట్టితిమి. వాడేడ్వలేదు. మరునాటినుండి బడికి రాలేదు. కొన్నినెలల తరువాత గూడెపు వృద్ధుడొకడు మాకు జెప్పెను: కోయభాషలో "ఏర్" అనగా నీరు. బాలుడు చూపినది సరియైన యుత్తరమే. తప్పు ప్రశ్నలో నుండెను. దెబ్బలు మాత్రము వానికి బడెను. అట్లే వారు "లోన్" అన్నచో ఇల్లని యర్థము. మన "లోన" కాదు. రెండు భాషలు నొక్క ద్రావిడకుటుంబములోని యక్కచెల్లెండ్రే. కాని యక్కచెల్లెండ్ర పోలికయే యొక్కొక్కప్పుడు పరాయివానిని మోసపుచ్చును.

ఈ భాష యేదో నలుగురు మాటలాడు మూలభాష యని తలపరాదు. 2011 జనాభాలెక్కలలో కోయ మాతృభాషగా వ్రాయించుకొన్నవారు 4 లక్షలకు మించియున్నారు. దుమ్ముగూడెమున నుండిన జాన్ కెయిన్ అను క్రైస్తవబోధకుడు పందొమ్మిదవ శతాబ్దిలోనే కోయలను గూర్చియు వారి భాషను గూర్చియు వ్యాసములు వ్రాసి ప్రకటించెను. సముద్రములు దాటివచ్చినవాడు నేర్చుకొన్న భాషను, ఏరు దాటివచ్చిన మేము నేర్చుకొనమైతిమి. ఇది మా సిగ్గు.

ఇక నేటి వివాదమునకు వత్తము. మనవారు పదుగురు గూడినచోట నేజన్సీ యుపాధ్యాయ పదవుల మాట రాకమానదు. సంగతిని గ్రమముగా జెప్పెదము. షెడ్యూల్డు ప్రాంతములలోని బడిపంతుళ్ల యుద్యోగములు స్థానిక గిరిజనులకే యీయవలెనని 1986లో నాంధ్రప్రదేశ ప్రభుత్వ మొక యుత్తరువు చేసెను. అది న్యాయస్థానముల నెక్కెను. పిమ్మట 2000 సంవత్సరము జనవరిలో 3వ సంఖ్యగల యుత్తరువు వెలువడి, ఆ పదవులన్నియు, అనగా నూటికి నూరును, గిరిజనులకే కేటాయించెను. అందు మూడవవంతు స్త్రీలకు. ఇరువదియేండ్లు వ్యాజ్యము నడచెను. తుదకు 2020 ఏప్రిలు 22వ తేదీన సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము, అయిదుగురు న్యాయమూర్తు లేకవాక్యముగా, ఆ యుత్తరువు చెల్లదని తీర్పు చెప్పెను. నూటికి నూరు కేటాయించుట రాజ్యాంగసమ్మతము కాదనిరి. అదివరకు నియమింపబడినవారిని మాత్రము, ఇకమీద నట్టి పని చేయరాదను షరతుతో, కదలింపక యుంచిరి.

ఈ తీర్పు విని మనవారిలో గొందఱు సంతసించిరి. తరతరములుగా నీ మన్యమునందే పుట్టి పెరిగి, వేఱొక యూరు లేని మన బీదపిల్లలకు చదువుండియు నుద్యోగద్వారము మూసియుండెనని వారి బాధ. అది కల్ల యని మేమనము. ఆ బాధ మన యిండ్లలో జూచితిమి. అవతల కోయయువకుల బాధయు వినుడు. "మా యడవిలో మాకు దక్కిన చదువుల యుద్యోగ మిదియొక్కటే. మైదానమున మీకు నూరు ద్వారములున్నవి. మాకున్న యొక్క ద్వారమునందును మీరే నిలువవలెనా?" యని వారనుచున్నారు. ఇందును సత్యము గలదు. ఇరుపక్షములవారును బిడ్డలుగల తండ్రులే.

అయితే సోదరులారా! ఆ యుత్తరు వేల పుట్టెనో మనలో నెందఱు విచారించిరి? ఏజన్సీ బడులలో నుపాధ్యాయులు హాజరు గాకుండుట మిక్కిలి హెచ్చినదనుటయే దానికి జెప్పబడిన ప్రధానకారణము. ఆ హాజరు గానివారెవరు? పుస్తకమున వెదుకనక్కఱలేదు, మేమెఱుగుదుము. వారిలో మేమును మా మిత్రులును గలము. గూడెమున నియామకము, పట్టణమున నివాసము. సోమవారము మధ్యాహ్నమునకు జేరుట, శుక్రవారము మధ్యాహ్నమునకు బయలుదేరుట. వానకాలమున వాగు పొంగినదన్న మిష. చేరిన యాఱవనెలనుండియే బదిలీకొఱకు పెద్దలను గాంచుట. మన మక్కఱలేదని విడిచిన బడికొఱకే నేడు హక్కులు చెప్పుకొనుచున్నాము. పదవి మనకు గావలెను, పల్లె మాత్రము వలదన్నచో, అది విద్యాభిమానమా, జీతాభిమానమా? సభవారే నిర్ణయింపుడు.

అట్లని గిరిజనుడని పత్రమున్నంతనే బడి చక్కబడునని చెప్పము. ఈ సీమలో షెడ్యూల్డు తెగలవారిలో కోయలు గలరు, లంబాడీలు గలరు. వారి భాషలు వేఱు. లంబాడీ పంతులు కోయగూడెమునకు బోయినను, పట్టణపు వసతిగృహములలో బెరిగి తల్లిభాష మఱచిన కోయ పంతులు బోయినను, "ఏరు ఎక్కడ?" యన్న ప్రశ్నవద్ద మావలెనే చిక్కువడవచ్చును. కావున పదవి యెవరిదన్న ప్రశ్నకంటె పెద్దవి రెండు గలవు. పంతులు ఊరనుండునా? పిల్లవాని మాట పంతులునకు దెలియునా? ఈ రెండును దేలనిదే మొదటి వివాద మెటు దేలినను గూడెపు బిడ్డకు లాభము లేదు.

ఈ భాషాన్యాయము మనకు గ్రొత్తది కాదు. మన తాతలు నైజాముసంస్థానమునం దుండిరి. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు బోధ యంతయు నుర్దూలోనే సాగెను. తెలుగుబిడ్డ యింట నొకమాట, బడిలో నొకమాట పలుకవలసివచ్చెను. ఇది యన్యాయమని పెద్దలు గ్రంథాలయములు స్థాపించిరి; మహాసభలు గూర్చిరి. 1930లో జోగిపేటలో మొదలైన యాంధ్రమహాసభ 1934లో మన ఖమ్మమునందే మూడవసారి సమావేశమైనది. మాతృభాషలో జదువుకొను హక్కు ఆ యుద్యమపు ప్రధానమైన కోరికలలో నొకటి. నాడు మన తాతలడిగినదానినే నేడు కోయబిడ్డ యడుగుచున్నాడు. నాడు మనము బల్లమీది పిల్లవాండ్రము. నేడు బెత్తము మన చేతనున్నది. భేద మింతియే.

శాసనములు లేవా యన్నచో గలవు. 1956లో రాజ్యాంగమున జేర్చిన 350ఎ యధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశయందు మాతృభాషలో బోధకు వసతులు గల్పింపవలెనని చెప్పుచున్నది. 2009 విద్యాహక్కు చట్టమును, వీలైనంతవఱకు మాతృభాషయే బోధనభాష కావలెనని యాదేశించినది. అఱువదిమంది వఱకు పిల్లలున్న ప్రాథమికపాఠశాలకు నిద్దఱు పంతుళ్లుండవలెనని యా చట్టమే చెప్పెను. కాని యడవిబడి కనేకచోట్ల నొక్కడే పంతులు, అయిదు తరగతులు. అతడు సమావేశమునకు బోయిననాడు బడికి దాళమే. ఉమ్మడి రాష్ట్రమున 2004 ప్రాంతమున గొన్ని గిరిజనభాషలలో వాచకములు చేయించి బోధింపసాగిరి. అందు కోయయు నొకటి. అది శుభారంభము. కాని పుస్తక మచ్చుపడినంత మాత్రమున జాలదు. దానిని జదివి చెప్పు నోరు వలెను. 1943లో నాదిలాబాదు సీమ మార్లవాయియందు హైమెండార్ఫు పండితుని ప్రోత్సాహమున గోండు యువకులనే పంతుళ్లుగా దీర్చు శిక్షణకేంద్రము పెట్టి గోండీలో వాచకములు చేయించిరి. మార్గము తెలియక కాదు, నిలుకడలేకయే మనము చెడితిమి.

పైగా మన సరిహద్దుపల్లెల కష్టము లితరుల కెఱుకపడవు. భద్రాచలము సీమ 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాలో గలిసెను. 2014లో పోలవరము నిమిత్తము చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మొదలగు మండలము లాంధ్రప్రదేశమునకు బోయెను; భద్రాచలపట్టణము తెలంగాణమున నిలిచెను. ఒకే మేనమామ బిడ్డలు నేడు రెండు ప్రభుత్వముల వాచకములు చదువుచున్నారు. 2005 తరువాత ఛత్తీసుగఢ కల్లోలమునకు వెఱచి వచ్చి యడవులలో గుడిసెలు వేసికొన్న గొత్తికోయల బిడ్డలకు తెలుగే పరభాష. ఇంతలో 2022లో తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో నింగ్లీషు బోధనభాషగా బ్రవేశించెను. ఇంగ్లీషు వలదని మేమనము. మన బిడ్డలకు గోరినది వారి బిడ్డలకు వలదనుట ధర్మము గాదు. కాని తన మాట వినబడని బడిలో రెండు పరభాషల మెట్లు నొక్కసారి యెక్కుమన్నచో నైదేండ్ల పసివా డెక్కగలడా? మొదటిమెట్టు తల్లిమాటయైనచో దక్కిన రెండును దానంతట నెక్కును.

ఇంక మన సంఘ మేమి చేయవలెను? సర్కారును దూషించి కరతాళధ్వనులతో లేచిపోవుట సులభము. మేము మూడు పనులు మనవిచేసెదము.

మొదటిది: ప్రతియేట మహాసభలో మనము పరీక్షలలో మొదటివారికి పతకములిచ్చుచున్నాము. ఇకమీద నొక పతకము, ఏ కులమువాడైనను సరే, గూడెమునందే కాపురముండి కోయ నేర్చుకొన్న యుపాధ్యాయునకో యుపాధ్యాయినికో యిత్తము. ఆ గూడెపు పెద్దలు చెప్పినమాటయే దానికి బ్రమాణము కావలెను. మన సిఫారసులు గావు.

రెండవది: మన వసతిగృహమున రెండు స్థానములు, ఉపాధ్యాయశిక్షణ చదువు కోయబాలికలకు భోజనసహితముగా నిత్తము. "కులపు సొమ్ముతో గట్టిన యింట నన్యులా?" యని యెవరైన నడుగవచ్చును. మన తాతలకు జదువు చెప్పినవారందఱు మన కులమువారేనా యని వారిని దిరిగి యడుగుడు.

మూడవది: గోదావరి పుష్కరములకు, తీర్థములకు సంచికలు వేయించు పోషకులు మనలో గలరు. తెలుగులిపిలో నొక చిన్న కోయమాటల పుస్తకము, కోయపెద్దలను గూర్చుండబెట్టి వారిచేతనే చెప్పించి, వారి పేరనే వేయింతము. మన్యమునకు నియామకముపొందిన ప్రతి పంతులు చేతను, అన్ని కులములవారికిని, అది యుండవలెను. అందు మొదటిమాట "ఏర్" కావలెనని మా కోరిక.

సర్కారునకు బంపు తీర్మానమునందును, పదవులు మాకీయుడని వ్రాయక, ఎవరి కిచ్చినను గోయభాషలో పరీక్షించి, ఊర నుండుటకు గృహమిచ్చి, ఒంటరిపంతులుకు రెండవ తోడు నిచ్చి పంపుడని వ్రాయుదము. కోయయువకు డా పరీక్షలో ముందు నిలిచినచో, అది వాని భాష వానికిచ్చిన యర్హత. దానికి మనము వగవరాదు. మన యువకుడు నేర్చి నిలిచినచో, అడవియే వానిని బిలిచి నిలుపుకొనును.

ఆ బాలుని మాట చెప్పి విరమింతుము. వాని తండ్రివద్దకు బోయి మా తప్పొప్పుకొంటిమి. ఆయన యేమియు ననక కుండలోని నీరు దొప్పతో మాకిచ్చెను. బాలుడు మాత్రము తిరిగి బడికి రాలేదు. పశువుల వెంట నడవిలోనికి బోయెను. వానికి మేము ఋణపడియున్నాము. ముప్పదియేండ్లలో నది తీరలేదు. ఒక్కని ఋణ మొక్కడు తీర్పజాలడు గాని, సంఘము దలచినచో దీర్పవచ్చును. ఆ యాశతోనే యీ వేదిక యెక్కితిమి.