నిద్రలేమి, మెదడులోని సన్నని రక్తనాళాలు, పశ్చిమ ప్రకాశం

శరీరం బరువులో యాభయ్యో వంతుకు కాస్త అటూఇటూగా ఉండే మెదడు, విశ్రాంతి వేళ శరీరం వాడుకునే ప్రాణవాయువులో దాదాపు ఐదో వంతును తానే తీసుకుంటుంది. నిల్వ చేసుకునే వీలు దానికి లేదు గనుక రక్తం ఎడతెగక అందుతూ ఉండవలసిందే. పెద్ద ధమనుల నుంచి చీలి మెదడు లోతుల్లోకి దిగే సన్నని నాళాల గోడలు దళసరెక్కి, బిరుసెక్కి, లోపలి దారి ఇరుకు కావడాన్నే సూక్ష్మరక్తనాళ వ్యాధి అంటారు. వయసు, బీపీ, షుగరు, పొగాకు దీనికి ప్రధాన కారణాలు. ఎం.ఆర్.ఐ. చిత్రంలో ఇది నాడీతంతువులతో నిండిన శ్వేతపదార్థంలో తెల్లని మచ్చలుగా, 3 నుంచి 15 మిల్లీమీటర్ల గుంటలుగా కనబడుతుంది. ఒట్టో బిన్స్‌వాంగర్ అనే మానసిక వైద్యుడు 1894లోనే శ్వేతపదార్థం ఇలా క్షీణించడాన్ని వర్ణించాడు.

ఈ వ్యాధి తరచుగా ముందు దెబ్బతీసేది జ్ఞాపకాన్ని కాదు, ఆలోచన వేగాన్ని. పేర్లు, బంధుత్వాలు, పాత సంగతులు బాగానే గుర్తున్న మనిషి సంతలో చిల్లర లెక్కకు తడబడతాడు, ఒక పని మధ్యలో మరో పని వస్తే రెంటినీ వదిలేస్తాడు, నడక మందగిస్తుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. రోగం ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి ఈ సరిపెట్టుకోవడం కూడా కారణమే.

ఆరోగ్యంగా ఉన్న నాళం రక్తపోటు తగ్గితే విప్పారుతుంది, పెరిగితే ముడుచుకుంటుంది. కంభం చెరువు తూము బిగుసుకుపోతే ఆయకట్టు ఎండకాలంలో ఎండి, వరదలో మునిగినట్టే, బిరుసెక్కిన నాళం కింద ఉన్న కణాలకు రెండు విధాలా నష్టమే. నిద్రలో రక్తపోటు పగటికన్నా 10 నుంచి 20 శాతం తగ్గడం సహజం కాగా, వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు నిద్ర పట్టని స్థితిలో, అంటే దీర్ఘకాలిక నిద్రలేమిలో, ఒత్తిడి హార్మోన్లు శరీరాన్ని మేల్కొలిపి ఉంచడంవల్ల ఆ తగ్గుదల కొరవడే అవకాశం ఉంది. నిద్రలో మెదడు వ్యర్థాలను వేగంగా కడిగేసుకుంటుందని 2013లో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం ఎలుకలపై చూపింది; 2024లో లండన్ పరిశోధకులు అందుకు విరుద్ధమైన ఫలితాన్ని ప్రకటించారు, కాబట్టి దాన్ని తేలిన సత్యంగా చెప్పడం తొందరపాటు. సూక్ష్మరక్తనాళ వ్యాధి ఉన్నవారిలో నిద్రలేమికీ, మెదడుకు రక్తం తగ్గడానికీ, పరీక్షల్లో మందకొడితనానికీ సంబంధం కనిపిస్తోంది గాని, నిద్ర చెడి నాళాలు పాడయ్యాయా, మెదడు దెబ్బతిని నిద్ర చెడిందా అన్నది ఇంకా తేలలేదు.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. ఈ పశ్చిమ ప్రకాశాన్ని ఏళ్లుగా పీడిస్తున్నవి ఫ్లోరైడ్ నీరూ, కిడ్నీ జబ్బూ. మూత్రపిండంలోనూ మెదడులోనూ సన్నని నాళాలు ఒకే తీరున అధిక పోటును మోస్తాయి గనుక, కిడ్నీ దెబ్బతిన్నవారిలో మెదడు మచ్చలు ఎక్కువగా కనబడతాయి. పలకల గనుల్లో, ఫ్యాక్టరీల్లో రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడినవారికి దగ్గు, ఆయాసం రాత్రి నిద్రను పాడుచేస్తాయి. రాత్రి వేళ బోరు మోటారు వేయవలసి వచ్చే రైతుకూ, పొదిలి, కనిగిరి వైపు పొగాకు బ్యారన్ల వేడిని తెల్లవార్లూ కనిపెట్టే కూలీకీ నిద్రలేమి బతుకుతెరువులో భాగం. వీళ్ల రాత్రులను లెక్కలోకి తీసుకోని వైద్యం సగం వైద్యమే.

వీళ్లలో చదువు లేనివారి మేధాశక్తిని కొలవలేమన్న వాదన కూడా నిలవదు: హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో నిరక్షరాస్యులూ, రక్తనాళాల వల్ల మతి చెడినవారూ ఉన్నారు. చికిత్సలో ముందు చేయదగినది బీపీ అదుపు. పై అంకెను 120 లోపు ఉంచడానికి ప్రయత్నించినవారిలో స్వల్ప మతిమాంద్యం తగ్గిందనీ, తెల్లమచ్చల పెరుగుదల నెమ్మదించిందనీ 2019లో అమెరికా అధ్యయనం చూపింది. అంత కిందికి ఎవరికి దించవచ్చో, ముఖ్యంగా వృద్ధులకూ కిడ్నీ రోగులకూ, వైద్యుడే నిర్ణయించాలి. నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు, పడక వేళలనూ ఆలోచనలనూ సరిదిద్దే ప్రవర్తనా చికిత్స. మందుల షాపులో చీటీ లేకుండా కొనే నిద్రమాత్ర వృద్ధులను పడగొడుతుంది, మతిని మరింత మందగింపజేస్తుంది. గురక పెడుతూ ఊపిరి ఆగేవారిది వేరే జబ్బు, దానికి వేరే పరీక్ష కావాలి. ఊరి ఆరోగ్య కేంద్రంలో బీపీ చూసే సిబ్బందిలో ప్రతి ఒక్కరూ, పట్టీ విప్పేలోపు, రాత్రి నిద్ర ఎలా పడుతోందో ఆ రోగిని తప్పక అడగాలి.