నడిచే దారికి మార్కులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రోడ్ల ఇంజనీరుని. ఈమధ్య హైదరాబాద్ పాతబస్తీలో మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ దాకా కాలినడకకు దారి ఎలా ఉందో చూసి మార్కులు వేశాను. కిలోమీటరు లోపు దూరం. పత్తర్‌గట్టి రాతి కమానులు, గుల్జార్ హౌజ్ దాటితే 1591లో కట్టిన చార్మినార్. మన దేశ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. టేపు పట్టి కొలిచాను. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరిచారు కనుక అక్కడ ధారాళంగానే వేశాను.

ఆ కాగితం మన లెక్కల సార్‌కు చూపించాను. "నాతో ఒకసారి నడువు" అన్నారు. ఆయనకు ఎనభై దాటాయి.

ఫుట్‌పాత్ మీద బైకులు నిలిపినచోట నేనైతే దిగి, ఎక్కి పోతాను. సార్ నా భుజం పట్టుకుని దిగారు, పట్టుకునే ఎక్కారు. అలా 9 సార్లు. అవేవీ నా కాగితంలో లేవు. రోడ్డు దాటడానికి మేము సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్క కడతాం. అంటే 12 మీటర్లకు 10 సెకన్లు. సార్‌కు 24 పట్టాయి. నడిరోడ్డు మీద, రెండు పక్కలా ఆటోల మధ్య ఆగిపోయాం. ఆయన చెయ్యి వణకడం నాకు తెలిసింది.

ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని అడిగారు: "కాలం, దూరం బాగానే వేశావు. నడిచేది ఎవరని వేశావురా?"

ఇంటికి వెళ్లి మళ్లీ మార్కులు వేస్తే సగానికి పడ్డాయి. తోపుడుబళ్లు తీసేయమని మాత్రం రాయలేదు. ఆరోజు సార్‌కు నీళ్లిచ్చింది ఒక బండి మనిషే. వాళ్లకు గీత గీసి చోటిస్తే నడిచేవాళ్లకూ చోటు మిగులుతుంది.

ఇవాళ రాలేకపోయిన సార్లలో ఇద్దరు, బడి ముందు రోడ్డు దాటలేమని ఫోన్లో చెప్పారు. అందుకే ఒక మనవి. వచ్చే శుక్రవారం, బడి వదిలే వేళ, గేటు నుంచి బస్టాపు దాకా కొలుద్దాం. టేపు నేను తెస్తాను. మీరు ఇంట్లో పెద్దవాళ్లను తీసుకురండి.