నవల మధ్యలో తప్పిపోయిన మనిషి

ఈమధ్య చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "నవల మొదలుపెడతాం, యాభై పేజీలు గబగబా నడుస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. ఏం చెయ్యాలి?" అని. ఒకవేళ ఎలాగో పూర్తిచేసినా, దాన్ని దిద్దడం ఎలాగో తెలీదు. నాకూ తెలీదండీ. ఓ నవల రాసి, దాన్ని మూడుసార్లు తిరగరాశాక కొంచెం తెలిసింది. ఆ కొంచెం ఈ రోజు మీతో చెప్తాను.

ముందు మన రాజమండ్రి నుంచే మొదలుపెడదాం. కందుకూరి వీరేశలింగం గారు 'రాజశేఖర చరిత్రము'ని 1878 నుంచి తన 'వివేకవర్ధని' పత్రికలో వరసగా వేశారు. 1880లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి 'నవల' అనే మాట కూడా లేదు, ఆయన దాన్ని వచన ప్రబంధం అన్నారు. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రేరణ ఉంది గానీ, కథ మాత్రం పక్కా ధవళేశ్వరం కథ.

అందులో రాజశేఖరుడు డబ్బున్న మనిషి. పొగడ్తలకి పడిపోతాడు. అందువల్ల ఇంటినిండా భజనపరులు చేరతారు. బంగారం చేస్తానన్న బైరాగిని నమ్ముతాడు. అందువల్ల ఉన్నదీ పోతుంది. డబ్బు పోయింది కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ళూ పోతారు. ఊళ్ళో తలెత్తుకోలేక కుటుంబంతో కాశీకి బయల్దేరతాడు. చూశారా, ప్రతి మెట్టుకీ మధ్యన 'అందువల్ల' ఉంది. 'ఆ తర్వాత' కాదు. ఇంగ్లండులో ఫోర్‌స్టర్ గారు 1927లో చెప్పిన తేడా కూడా దాదాపు ఇదే. జరిగినవి వరసగా చెప్తే కథ, ఎందుకు జరిగాయో ముడిపెడితే ప్లాటు.

మీరు చెయ్యాల్సిన మొదటి పని ఇది. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, వాటి వెనక తెల్లగా ఉంటుంది. ఒక్కో అధ్యాయానికి ఒక్కో కార్డు తీసుకోండి. 'ఈ అధ్యాయంలో ఏం మారింది' అని ఒక్క వాక్యం రాయండి. నేల మీద వరసగా పరవండి. రెండు కార్డుల మధ్య 'అందువల్ల' గానీ 'కానీ' గానీ పడితే సరే. 'ఆ తర్వాత' తప్ప ఇంకేం పట్టలేదంటే అక్కడే మీ నవల ఆగిపోయింది.

ఇంకోటి. కథలో ఆపద యాదృచ్ఛికంగా రావచ్చు, పాఠకుడు ఒప్పుకుంటాడు. ఆపద తీరడం కూడా అలాగే జరిగితే ఒప్పుకోడు. 'రాజశేఖర చరిత్రము' రెండో సగంలో చచ్చిపోయిందనుకున్న కూతురు బతికి వస్తుంది, మారువేషంలో ఉన్న రాజుగారు ఆదుకుంటారు. ఆనాటికి అది చెల్లింది. ఇవాళ మనం రాస్తే చెల్లదు.

సరే, నా సంగతికి వస్తాను. మాది లంక గ్రామం. నా నవల 1986 ఆగస్టు వరదల మీద. అప్పుడు ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. పెద్ద సంగతి కదా, అదే ప్లాటు అనుకున్నాను. మొదటి ప్రతిలో వరద మూడో పేజీలోనే వచ్చేసింది. మిగతా రెండువందల పేజీలూ నీళ్ళే. చదివిన స్నేహితుడు "తడిసిపోయానండీ బాబూ, కానీ భయం వెయ్యలేదు" అన్నాడు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. మన లంకల్లో వాళ్ళకి ఈ అంకెలు నోటికొచ్చు. మొదటి హెచ్చరికకి మనిషి ముందు చాలా దార్లుంటాయి. గొడ్లని గట్టెక్కించొచ్చు, ధాన్యం తరలించొచ్చు, 'ఏం కాదులే' అనుకోనూ వచ్చు. రెండో దానికి కొన్ని దార్లు మూసుకుపోతాయి. మూడోదానికి పడవ ఒక్కటే. దాంట్లో ఎవర్ని ఎక్కించుకోవాలి? ప్లాటంటే ఇదేనని అప్పుడు అర్థమైంది. నీళ్ళు పెరగడం కాదండీ, దార్లు తగ్గడం. రెండో ప్రతిలో వరదని సగం తర్వాతకి జరిపాను.

ఇక దిద్దుబాటు. రాసింది నెల్రోజులు బీరువాలో పెట్టండి. తీశాక ముందు అధ్యాయాల వరస మాత్రమే చూడండి. రెండోసారి మనుషుల్ని చూడండి, ఒక్కొక్కరినీ మొదట్నుంచి చివరిదాకా. మూడోసారి వాక్యాలు. అక్షరదోషాలు ఆఖర్న. తీసేయబోయే అధ్యాయంలో దీర్ఘాలు సరిచేసుకుంటూ నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను.

మనుషుల్ని చూడ్డం అన్నాను కదా. కాలవ నీళ్ళు వదిలితే సరిపోదు, శివారు చేలకి అందాయా లేదా చూడాలి. పాత్రలూ అంతే. అది నాకు నేర్పింది మా అమ్మ.

అమ్మకి ఇప్పుడు చూపు ఆనదు. రోజూ సాయంత్రం అరుగు మీద కూచుని చదివి వినిపించేవాణ్ణి. గట్టిగా చదివితే మన తప్పులు మన చెవికే తగుల్తాయి, అదొక లాభం. ఏడో అధ్యాయంలో అమ్మ నిద్రపోయింది. ఆ అధ్యాయం తీసేశాను. పన్నెండోది విని మాత్రం లేచి కూర్చుంది.

"ఒరే నాన్నా, పాలు పోసే ముసలమ్మ ఏమైందిరా?"

రెండో అధ్యాయంలో ఉంది ఆవిడ. తర్వాత నేను మర్చిపోయానన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"నువ్వు మర్చిపోలేదు. పడవలో చోటు లేదని మీ నాన్న అన్నారు. మళ్ళీ వస్తామని చెప్పి వచ్చేశాం. ఆవిడ దూడ పక్కన నుంచుని చెయ్యి ఊపింది. నువ్వు నా ఒళ్ళోనే ఉన్నావు, చూశావు."

నిజమేనండీ, చూశాను. రాయడానికి భయపడి, ఆ మనిషినే కథలోంచి జార్చేశాను. నాన్న పేరు చెడుతుందని. మూడో ప్రతిలో ఆవిడ్ని తిరిగి తెచ్చాను. అప్పుడు నేల మీద కార్డులన్నీ వాటంతట అవే ముడిపడ్డాయి. నాన్న తర్వాత జీవితమంతా ఎందుకు పాలు తాగలేదో, నాకే అప్పుడు అర్థమైంది.

అమ్మకి మళ్ళీ చదివాను. బాగుందనలేదు. "ఇది అచ్చేస్తే చుట్టాలు నాలుగు మాటలంటారు. అననీ" అంది.

మీ నవల ఆగిపోయిన చోట ఒక్కసారి చూడండి. అక్కణ్ణుంచి ఎవరు తప్పిపోయారో. కార్డులు పరిచి చూశాక ఎలా ఉందో నాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో సంభాషణల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్కారం.