ప్లాట్ నది నేర్పే పాఠం



అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, పచ్చిక మైదానాల నడుమ ప్లాట్ అనే నది ఉన్నది. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. ఏటా ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా శాండ్‌హిల్ క్రేన్లనే పెద్ద కొంగలు 5 లక్షలకు పైగా ఉత్తరానికి పోతూ ఇక్కడ దిగుతాయి. పగలు చేలలో రాలిన మొక్కజొన్న గింజలు, బయళ్లలో పురుగులు ఏరుకుతింటాయి. రాత్రి జానెడు లోతు నీళ్లలో నిలబడే నిద్రపోతాయి. నక్కలాంటిది వస్తే నీటి చప్పుడే వాటికి హెచ్చరిక.

ఎగువన ఆనకట్టలు లేచాయి. 1941లో పూర్తయిన కింగ్స్‌లీ ఆనకట్ట వాటిలో పెద్దది. కాలువల కింద పైరు పండింది, మంచిదే. కాని వరద తగ్గింది. వెనుక ఇసుక తిన్నెల మీది మొలకలను వరదే ఊడ్చుకుపోయేది. అది లేక కాటన్‌వుడ్, విల్లో చెట్లు పాతుకొన్నవి, నది సన్నబడినది.

1974లో ఆడుబాన్ సంఘంవారు అక్కడ రో రక్షితస్థలం నెలకొల్పారు. 1978లో ఒక ఆనకట్ట వ్యాజ్యం రాజీ కాగా క్రేన్ ట్రస్టు ఏర్పడింది. నేడు వీరు చెట్లు కొట్టించి, ట్రాక్టర్లతో తిన్నెలు దున్నిస్తున్నారు. వరద ఊరకే చేసిన పనికి ఇప్పుడు ఏటేటా కూలి ఇవ్వవలసి వచ్చింది!

కాబట్టి మీ ఊరి ఏటిలో సర్కారు తుమ్మ కనబడిందా? మొలకగా ఉన్నప్పుడే వేళ్లతో పెరికేయండి.