పెరటి పొయ్యికి ఏ రాయి?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ వేళ పొయ్యి గురించి మాట్లాడతానంటే, “ఇంటింటా గ్యాసు ఉండగా ఇంకా పొయ్యిలేమిటమ్మా” అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నిజమే, వంటింట్లో గ్యాసే. కాని పెరటి సంగతి వేరు. చలికాలంలో అండాతో నీళ్ళు కాచుకోవాలన్నా, పండక్కి అరిసెలు వండాలన్నా, చుట్టాలు దిగినప్పుడు పెద్ద గిన్నె ఎక్కించాలన్నా పెరట్లో కట్టెల పొయ్యి ఉంటేనే సుఖం. ఈ మధ్య పిల్లలు చలిమంట వేసుకోవడానికని గుండ్రంగా రాళ్ళు పేర్చి మంటగుంటలు కూడా కట్టిస్తున్నారు. ఏది కట్టించినా ముందు తేల్చుకోవలసింది ఒకటే, దేనితో కట్టాలి అన్నది.

మేముండేది ప్రొద్దుటూరులో. మా అత్తగారి ఊరు చక్రాయపేట. ఇల్లు కట్టుకున్నప్పుడు నేలకు పరచగా కొన్ని కడప బండలు మిగిలాయి. నున్నగా, నల్లగా ముచ్చటగా ఉన్నాయి కదా, పారేయడమెందుకని పెరట్లో నీళ్ళ పొయ్యికి అడుగునా చుట్టూరా వాటినే పెట్టించాను. మేస్త్రీని అనడానికి లేదు, పెట్టమన్నది నేనే. ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున, ముందురోజు వాన కురిసి ఉంది, అండా కింద మంట బాగా రాజేశాను. పావుగంటకు టపాకాయ పేలినట్టు చప్పుడైంది. చలి కాచుకుంటూ కూర్చున్న మా చిన్నమ్మాయి కెవ్వుమంది. బండ పెచ్చు ఎగిరివచ్చి కనుబొమ్మ మీద తగిలింది. రెండు కుట్లు పడ్డాయి. గోరంత కిందికి తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ.

సంగతి తెలిసి మా అత్తగారు మొదటి బస్సుకే వచ్చారు. పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, “ఏమ్మా, కాళ్ళ కింద పరుచుకునే బండను తెచ్చి నిప్పుకు పెడ్తారా యాడన్నా! మట్టికి కరువొచ్చిందా మీ ఊర్లో?” అన్నారు. ఆమె మాటలో ఉన్న సత్యం తర్వాత నాలుగు విషయాలు తెలుసుకున్నాక గాని నాకు బోధపడలేదు.

కడప బండ అంటే నాపరాయి. అది ఒక జాతి సున్నపురాయి. పొరలు పొరలుగా ఏర్పడింది కనుకనే ఉలి పెట్టి కొడితే పలకలుగా విడిపోయి మన ఇళ్ళకు నేలలుగా, అరుగులుగా, అలమర అరలుగా పనికివస్తున్నది. నేలకు ఏ గుణం మేలు చేసిందో నిప్పు దగ్గర ఆ గుణమే కీడు చేస్తుంది. పొరల సందుల్లో చేరిన తడి వేడికి ఆవిరి అవుతుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. బయటికి దారి లేక రాతిని పెచ్చులుగా ఎగరగొడుతుంది. పైగా సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల దాకా కాలిస్తే సున్నమైపోతుంది. సున్నపు బట్టీల్లో జరిగేది అదే. ఎర్రగుంట్ల ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది కూడా ఈ సున్నపురాయి ఉన్నందువల్లనే. బట్టీలో కాల్చుకునే రాయిని పొయ్యికి కాపలా పెట్టడం ఏం తెలివి చెప్పండి!

మీ పెరట్లో ఉన్నది ఏ రాయో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష. మేకుతో గీరి కాస్త పొడి రాలగొట్టి, దాని మీద నాలుగు చుక్కలు నిమ్మరసం గాని వెనిగర్ గాని వేయండి. సన్నగా బుడగలు వస్తే సున్నపురాయి అన్నమాట. దాన్ని మంటకు దూరంగా ఉంచండి.

అయితే బుడగలు రాని రాయల్లా మంచిదని అనుకోవద్దు. గండి క్షేత్రం దగ్గర పాపాఘ్ని కొండను చీల్చుకుని వస్తుంది కదా, అక్కడికి పోయినవారు నున్నటి ఏటి గుండ్లు చూసి ముచ్చటపడి తెచ్చుకుంటారు. తులసికోట చుట్టూ పేర్చుకోండి, మంట చుట్టూ మాత్రం వద్దు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన రాళ్ళవి, పైకి ఎండినా లోపల తడి ఉంటుంది. వంటింటి గట్టుకు వేయగా మిగిలిన గ్రానైట్ ముక్కలూ, కొండల్లో దొరికే పలుగురాయీ కూడా లోపలి వైపుకు పనికిరావు. వాటిలో ఉండే స్ఫటికం 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి ఉబ్బుతుంది, రాయి బీటలిస్తుంది. కట్టెల మంటకు ఆ వేడి ఒక లెక్క కాదు.

మరి నిప్పుకు ఓర్చే రాయే లేదా అంటే, ఉంది. మనం పులుసు కాచుకునే రాచ్చిప్ప బలపపు రాయితో చేసిందే. మెత్తటి రాయి, వేడిని నెమ్మదిగా పుచ్చుకుని నెమ్మదిగా వదులుతుంది. కాని పొయ్యి కట్టేటంత బలపపు రాయి ఎవరు తేగలరు? అందుకే మా అత్తగారు చెప్పిన మట్టే మనకు దారి.

ఆమె దగ్గరుండి కట్టించిన పద్ధతి చెబుతాను. పాత బండలన్నీ పీకించి, అడుగు లోతు గుంట తీయించి, వాన నీరు నిలవకుండా అడుగున ఇటుక ముక్కలు, వాటి మీద పొడి ఇసుక పోయించారు. లోపలి వరుసకు బాగా కాలిన ఇటుకలు. రెండు ఇటుకలు తట్టి చూస్తే ఖంగుమనాలి. ఒకరోజంతా నీళ్ళలో నానబెట్టినా తన బరువులో అయిదో వంతుకు మించి నీరు పీల్చకూడదు. పెద్ద ఊళ్ళలో ఫైర్ బ్రిక్స్ అని దొరుకుతాయి, కొనగలిగితే అవి ఇంకా శ్రేష్ఠం. ఇటుకల మధ్య సిమెంటు పెట్టనివ్వలేదు. వేడికి సిమెంటు పట్టు విడిచి రాలిపోతుంది. పుట్టమన్నులో ఇసుక, వరి ఊక కలిపి నాలుగు రోజులు నానబెట్టి ఆ అడుసుతోనే కట్టించారు. గాలి ఆడేందుకు ఒక పక్క సందు వదిలారు. అందం కావాలంటే బయటి వైపు, మంట సెగ తగలనంత దూరంలో మీ ఇష్టమైన రాయి పెట్టుకోవచ్చు.

కట్టగానే పెద్ద మంట వేయకూడదు. వారం పది రోజులు నీడన ఆరనిచ్చి, తర్వాత రెండు మూడు రోజులు చితుకులతో చిన్న మంట వేయాలి. వాన కురిసిన మర్నాడు కూడా అంతే. కాగిన పొయ్యి మీద చన్నీళ్ళు గుమ్మరించే అలవాటు ఉంటే మానుకోండి, ఇసుకతో ఆర్పండి.

ఇంకొక్క మాట. గాలికి అడ్డమని కొందరు పగిలిన సిమెంటు రేకు ముక్కలు నిలబెడతారు. పాత రేకుల్లో రాతినార ఉంటుంది. మన పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్వితీసిన ఖనిజమే అది. వేడికి ఆ రేకు పేలుతుంది, దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుంది. పొయ్యి దగ్గరికి దాన్ని రానివ్వకండి.

మా అమ్మాయి కనుబొమ్మ మీద ఆ గీత అలాగే ఉంది. బొట్టు పెట్టేటప్పుడల్లా నా వేలు దానికి తగులుతుంది. మీరు మాత్రం ఈ సాయంత్రమే ఒకసారి పెరట్లోకి వెళ్ళి, మీ పొయ్యి చుట్టూ ఉన్నది ఏ రాయో చూడండి. నిమ్మకాయ చెక్క ఒకటి వెంట తీసుకువెళ్ళడం మరిచిపోకండి.