ఏజెన్సీ యువత లెక్క: స్మారకోపన్యాసం

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారి గొప్పదనం గురించి ముందు మాట్లాడిన పెద్దలు చెప్పేశారు. నాకు మిగిలింది ఒక్కటే: ఆయన అరువు పుస్తకాల అంచుల్లో కూడా ఎర్ర పెన్సిలుతో 'రుజువేదీ?' అని రాసేవారు. నా పుస్తకాలూ అలా పాడయ్యాయి. ఇక నా పాత తగాదాకు వస్తాను.

1950 నాటి ఐటీఐ పథకం, 1961 అప్రెంటిస్ చట్టం, 2014లో గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి కొలువు చూపే డీడీయూ-జీకేవై, మరుసటేడు స్కిల్ ఇండియా మీకు తెలిసినవే. ఏజెన్సీలో ఈ పథకాల మీద ఏ సమీక్షలోనైనా చివరికి వినబడే మాట మాత్రం ఒకటే: గిరిజన కుర్రాళ్లకు చేతిపనంటే చిన్నచూపు, వాళ్ల దృక్పథం మారాలి. ఈ మాటతోనే నా పేచీ.

ఇలాంటి పేచీ ముందే ఒకటి నడిచింది. ఆఫ్రికా బడుల్లో వ్యవసాయ, సాంకేతిక విద్య పెంచాలని ఆర్థికవేత్త థామస్ బాలో వాదించాడు. విద్యా సామాజికవేత్త ఫిలిప్ ఫాస్టర్ 1965లో ఘనాను చూపించి దాన్ని ఖండించాడు. మంచి జీతానికి దారి మామూలు చదువే అయినప్పుడు, అక్కడి పిల్లలకు అదే వృత్తివిద్య. వాళ్లు చూసేది కొలువులను, పాఠ్యప్రణాళికను కాదు.

'ఘనా వేరు, మనది కులసమాజం, చేతిపని మీద చిన్నచూపు అక్కణ్ణుంచే వచ్చింది' అంటారు నా మిత్రులు. నిజమే. 1953లో రాజాజీ సగంపూట బడి, సగంపూట తండ్రి వృత్తి అన్నందుకు మద్రాసు రాష్ట్రం ఎలా భగ్గుమందో మరిచిపోలేదు. కానీ పాడేరు, ఉట్నూరు కొండల్లో జరిగింది ఆ వివరణకు లొంగదు. 2000లో జీవో 3 వచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. దాంతో డీఎడ్, బీఎడ్ సీటంటే ఎంత ఆశ! టీచరు శిక్షణ వృత్తిశిక్షణ కాదా? చేతికి గ్రీజు అంటదు కాబట్టి మనం దాన్ని ఆ ఖాతాలో రాయం, అంతే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. శిక్షణ అలాగే ఉంది, చివర కొలువుకున్న హామీ పోయింది. ఇప్పుడు ఉత్సాహం తగ్గితే అది దృక్పథ లోపమా?

ఐటీఐలదీ ఇదే కథ. ఫిట్టరు సర్టిఫికెట్టుకు పని దొరికేది చెన్నైలోనో హైదరాబాదులోనో. గది అద్దె, తిండి పోగా ఇంటికి పంపేదెంతో కొండ కుర్రాడికి తెలుసు. డీడీయూ-జీకేవై లెక్కలో మూడు నెలల కొలువుంటే ప్లేస్‌మెంట్ అయినట్టే. నాలుగో నెల వాడు ఇల్లు చేరినా ఆ లెక్క మారదు. వాడి లెక్క మారుతుంది.

ఫాస్టర్ పిల్లల్ని ఏం కావాలని ఉంది, ఏం దొరుకుతుందనుకుంటున్నావు అని విడివిడిగా అడిగాడు. మనవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు. నేనిప్పుడు చేస్తున్న పని ఆ రెండింటినీ విడదీయడమే. ఐటీఐ దరఖాస్తుల్లో ట్రేడులు వరసగా రాయిస్తారు కదా. మొదట ఎలక్ట్రీషియన్ రాసినవాడు దొరికిన వెల్డరులో చేరి, మధ్యలో మానేశాడా? ఏ ఏడాది ఆ వరస తిరగబడింది? ఈ సభలో ఏజెన్సీ ఐటీఐల ప్రిన్సిపాళ్లు ఉన్నారు. పాత దరఖాస్తుల కట్టలు తూకానికి వేసే ముందు దయచేసి నాకు కబురు పెట్టండి. పేర్లు కప్పి ఫొటోలు తీసుకుంటాను. బస్సు చార్జీలు నావే.